స్త్రీల ఆరోగ్యమునకు పోషక మాత్రలు: వలయునవేవి? వలదన్నవేవి?

క్రిందటి సంవత్సరము ఒకనాటి ఉదయప్రార్థనలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె కన్నులు తిరిగి నేలపై కూలినది. ఆరోగ్య కేంద్రమున రక్తము పరీక్షింపగా హీమోగ్లోబిన్ 8.5 గ్రాములు మాత్రమే యుండెను. ఆ వయస్సు బాలికకు అది 12కు తక్కువ కారాదు. మఱునాడు ఆమె తల్లి వచ్చి, “దినమూ పాలల్లో బలం పొడి కలిపి ఇస్తానే ఉన్నాను అయ్యవారూ. కూలి డబ్బులో సగం ఆ డబ్బాకే పోతా ఉంది. అయినా ఇట్లెందుకయింది?” అని కన్నీరు పెట్టుకొన్నది.

ఆ బాలిక పుస్తకముల సంచి అడుగున, పాఠశాలలో వారమున కొకటి చొప్పున ఇచ్చిన నీలిరంగు మాత్రలు పదునొకండు కాగితపు పొట్లములో కనబడినవి. కడుపులో త్రిప్పునన్న భయముచే ఆమె వానిని మ్రింగలేదు. ఆ మాత్రలను పంచినవాడను నేనే. మ్రింగినట్లు పట్టికలో గుర్తు పెట్టినవాడను నేనే. వానితో వచ్చిన కరపత్రము తమిళమున నుండెను. ఆ తల్లికి తమిళము మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు; ఆమె నేర్చిన కొలదిపాటి చదువు తెలుగు. నేను తిరుపతిలో శిక్షణ పొంది ఈ హోసూరు సీమకు వచ్చిన తెలుగు ఉపాధ్యాయుడనే కాని వైద్యుడను కాను. అయినను ఆ కరపత్రములోని నాలుగు మాటలను తెలుగున చెప్పుటకు నాకు అడ్డమేమి యుండెను? ఆనాడు చేయని పనిని ఈ వ్యాసమున చేయబూనితిని.

రక్తహీనత యననేమి?

మన రక్తమునకు ఎఱుపునిచ్చునది హీమోగ్లోబిన్. ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును శరీరమంతటికిని మోసికొనిపోవునది అదియే. దాని నిర్మాణమునకు ఇనుము కావలెను. ఇనుము చాలనిచో హీమోగ్లోబిన్ తగ్గును. మెట్లెక్కునప్పుడు ఆయాసము, పాఠము వినునప్పుడు మగత, కనురెప్పల లోపలి భాగము వెలవెలబోవుట దీని గుర్తులు. ఇట్టి పిల్లనే మనము సోమరియని కోపపడుచుందుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి కలదు.

నెలసరియందు పోవు రక్తము, గర్భధారణము, కాన్పు అను వానివలన స్త్రీకి ఇనుము అధికముగ కావలెను. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము పురుషునకు దినమునకు 19 మిల్లీగ్రాములు చాలును. స్త్రీకి 29 కావలెను. కాని మన యిండ్లలో అందఱును తిన్న పిమ్మట తినునది తల్లి. ఎక్కువ కావలసిన వారికే తక్కువ మిగులుచున్నది.

మాత్రలోని రెండవ వస్తువు

పాఠశాలలో ఇచ్చు నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కూడ నుండును. లాటిన్ భాషలో ఆకునకు గల పేరునుండి ఈ పదము పుట్టినది. 1941లో పాలకూర ఆకులనుండి దీనిని వేఱుచేసినందున ఆ పేరు వచ్చెను. దీని కథ మన దేశముననే మొదలైనది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు, అచ్చటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, అది ఈస్టు సారముతో నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారములో పనిచేసిన వస్తువు ఈ ఫోలిక్ ఆమ్లమే. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో దీనిని ప్రయోగశాలలో తయారుచేసినది. మీరు గోడ వెనుక పాఱవేయు మాత్రలో ఒక తెలుగువాని జీవితకాలపు శ్రమ కూడ కలదని మఱువకుడు.

బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అవి ఏర్పడుటలో తొలి ముఖ్య ఘట్టము గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే, అనగా తల్లికి సంగతి తెలియుటకు ముందే, ముగియును. కావున మీ యింట అక్కగారో వదినగారో బిడ్డకొఱకు ఎదురుచూచుచున్నచో, దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గర్భమునకు ముందునుండియే వాడవలెనని చెప్పుడు. గర్భిణులకు నాలుగవ నెలనుండి దినమున కొకటి చొప్పున 180 దినములును, కాన్పు పిమ్మట మఱి 180 దినములును, ఎఱ్ఱరంగు మాత్రలను ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుచున్నది.

వాడవలసిన విధము

మాత్రను పరగడుపున వేసికొనక భోజనము పిమ్మట మ్రింగినచో కడుపులో త్రిప్పుట తగ్గును. మలము నల్లబడుట సహజము, భయపడ పనిలేదు. టీ, కాఫీలు ఇనుమును శరీరమునకు పట్టనీయవు. మాత్రకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట వానిని మానవలెను. నిమ్మకాయ, జామపండు, ఉసిరికాయలలోని సి విటమిన్ ఇనుమును పట్టించును. కాల్షియము మాత్రను ఇనుము మాత్రతో కలిపి వేసికొనరాదు. నడుమ రెండు గంటలైన ఎడముండవలెను. కడుపులోని పురుగులు రక్తమును హరించును గనుక, ఏటేట ఇచ్చు పురుగుల మాత్రను తప్పక మ్రింగవలెను.

అంగడిలో కొనునపుడు

మొదట పరీక్ష, పిదప మాత్ర. అలసట యెల్లయు ఇనుము కొఱతవలన కాదు. బి12 విటమిన్ చాలకున్నను రక్తహీనత వచ్చును. మాంసము, గుడ్లు, పాలు ముట్టనివారికి ఈ కొఱత తఱచు కలుగును. తలసేమియా అను వంశపారంపర్య వ్యాధి యున్నవారికి ఇనుము హాని చేయవచ్చును. వైద్యుని అడుగక పెద్ద మోతాదులు వాడరాదు.

రెండవది, పెట్టెపై అక్షరములు చదువుడు. ఉప్పు తూకము వేఱు, అందులోని ఇనుము తూకము వేఱు. 200 మిల్లీగ్రాముల ఎండిన ఫెర్రస్ సల్ఫేటులో అసలు ఇనుము సుమారు 65 మిల్లీగ్రాములే. ‘ఎలిమెంటల్ ఐరన్’ అని వ్రాసినదే చూడవలసిన అంకె. గడువు తేదీని, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్యను చూడుడు. పోషక పదార్థముగా అమ్ము డబ్బాపై ‘ఔషధముగా వాడుటకు కాదు’ అని ముద్రింపవలెనన్న నియమము కలదు. దానిని చదివినవారు ఆ డబ్బా రోగమును కుదుర్చునని నమ్మరు.

మూడవది, పేరు చూచి మోసపోకుడు. ‘ఆరోగ్య పానీయము’ అను మాటకు ఆహార భద్రతా చట్టమున నిర్వచనమే లేదనియు, అట్టి పానీయములను ఆ పేరి వర్గమున చూపరాదనియు కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిలులో అంతర్జాల వర్తకులకు సూచించినది. పాలలో కలుపు పొడులలో పలుమాఱు చక్కెర భాగము పెద్దది. కొనుటకు ముందు ఆ అంకెను చూచుకొనుడు.

నాల్గవది, మంచిదేకదాయని ఎక్కువ మ్రింగరాదు. గర్భిణులు ఎ విటమిన్ మాత్రలను అధికముగ వాడినచో బిడ్డకు హాని కలుగును. ఇనుము మాత్రలను తీపిబిళ్లలనుకొని చిన్నపిల్లలు గుప్పెడు మ్రింగినచో ప్రాణాపాయము. వానిని పిల్లలకు అందని చోట దాచవలెను.

మన వంటయింటి బలము

స్త్రీకి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. మన రాగిపిండి 100 గ్రాములలో ఇంచుమించు 350 మిల్లీగ్రాములు కలదు. రాగులను మొలకెత్తించి పిండి చేసినచో అందలి ఖనిజములు మఱింత బాగుగ ఒంటబట్టును. రాగిసంగటి, ఉలవచారు, మునగాకు కూర, వారమునకు కొన్ని గుడ్లు, చివర ఒక జామపండు: వెల తక్కువ, మేలు ఎక్కువ. అయితే రక్తహీనత ముదిరిన పిమ్మట ఆహారమొక్కటియే చాలదు. అప్పుడు మాత్రయు కావలెను, ఆహారమును కావలెను. మాత్ర పల్లెమునకు తోడేగాని బదులు కాదు.

ఆ బాలిక సంగతి చెప్పి ముగింతును. వైద్యురాలు చెప్పినట్లు దినదినము మాత్రలు వాడగా మూడు నెలలకు ఆమె హీమోగ్లోబిన్ 11.4కు వచ్చినది. బలం పొడి డబ్బా కొనుట మాని ఆమె తల్లి ఆ డబ్బుతో గుడ్లు కొనుచున్నది. ఇప్పుడు మాత్రలిచ్చు దినమున నేను ముందుగా నీళ్లకుండ తెప్పింతును. భోజనమైన పిదప నా యెదుటనే పిల్లలు మ్రింగుదురు. అప్పుడే పట్టికలో గుర్తు పెట్టుదును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ యిండ్లలో ఈ పత్రికను చదువలేని అమ్మలు, అవ్వలు కలరు. ఈ రాత్రి భోజనముల వేళ దీనిని వారికి బిగ్గఱగా చదివి వినిపింపుడు. ఆ దినమున అమ్మను మీతోపాటు కూర్చుండబెట్టి వడ్డింపుడు.