పత్తి తెల్లగా ఎందుకు రాలేదు?

వాకిట్లో పోసిన పత్తి కుప్ప దగ్గర కూర్చుని, కెమెరా ఆటోలో పెట్టి ఫొటో తీశాను. కంటికి మల్లెపువ్వులా ఉన్న పత్తి తెర మీద మాసిన పంచెలా వచ్చింది. పక్కనే కట్టేసిన గేదె వీపు ఫ్రేమంతా నిండేలా తీస్తే, నిగనిగలాడే నలుపు వెలిసిపోయి అదీ బూడిద రంగులోకే దిగింది.

కెమెరా పాడవలేదు. లోపలి మీటరు తనదాకా వచ్చిన వెలుగును కొలుస్తుంది. ఆ వెలుగు నీడలోని తెల్ల వస్తువుదో, ఎండలోని నల్ల వస్తువుదో దానికి తెలియదు. అందుకే దానికొక అంచనా నేర్పారు: ఎదుట ఏమున్నా సగటున నడిమి బూడిద రంగే, పడిన వెలుగులో దాదాపు 18 శాతాన్ని వెనక్కి పంపేదే అనుకోమని. చెట్లు, గోడలు, మనుషులు కలిసిన దృశ్యానికి ఈ లెక్క బాగానే కుదురుతుంది. ఫ్రేమంతా పత్తే అయితే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ముఖాలను గుర్తుపట్టే కొత్త కెమెరాలూ ఇక్కడ తడబడతాయి.

ఇంతమాత్రానికి మాన్యువల్ దాకా పోనక్కర్లేదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1కి తిప్పితే వెలుగు రెట్టింపై పత్తి తెల్లబడుతుంది. గేదెకు మైనస్ వైపు తిప్పాలి. మాన్యువల్ వాడితేనే ఫొటోగ్రాఫర్ అన్న మాట నేను ఒప్పుకోను. ఎండానీడలు క్షణక్షణం మారే ఊరేగింపులో ఆటోయే మనకన్నా చురుకు.

మాన్యువల్‌లో అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడూ మన చేతిలో ఉంటాయి. (ఐఎస్ఓను ఆటోలో వదిలేస్తే మళ్లీ కెమెరాదే నిర్ణయం. చాలామంది ఇక్కడే పొరబడతారు.) ఎఫ్8 దగ్గర సెకనులో 250వ వంతు, ఎఫ్5.6 దగ్గర 500వ వంతు: రెండింట్లోనూ సెన్సర్ మీద పడే వెలుగు ఒకటే. కానీ రెండోదాంట్లో గేదె తోక విదిలింపు ఇంకాస్త స్పష్టంగా ఆగుతుంది, వెనకున్న గడ్డివాము మరికొంచెం మసకబారుతుంది.

మాన్యువల్ విలువ నాకు పున్నమి రాత్రి బాగా తెలిసింది. ఆటోలో తీస్తే, ఫ్రేములో ఎక్కువ భాగం చీకటే గనుక కెమెరా షట్టరును చాలాసేపు తెరిచి ఉంచుతుంది. చంద్రుడు తెల్లటి మచ్చగా మిగులుతాడు. మనకు రాత్రే గానీ, చంద్రుడి మీద పడుతున్నది పట్టపగటి ఎండ. నడినెత్తిన ఉన్నప్పుడు ఐఎస్ఓ 100, ఎఫ్11, సెకనులో 100వ వంతు పెట్టి తీయండి. పొడవాటి లెన్సుంటే, చిన్నప్పుడు డాబా మీద పడుకుని వెతికిన కుందేలు చెవులతో సహా కనిపిస్తుంది.