నల్లగొండ అని వెతికితే

పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే ఏ డేటాబేస్‌లోనైనా ఇంగ్లీషులో 'నల్గొండ' అని కొట్టి చూస్తే, ఒక జిల్లా పేరుగానే కాక ఒక నీటిశుద్ధి పద్ధతి పేరుగా కూడా అది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. 1975లో 'నల్గొండ టెక్నిక్' పేరుతో వ్యాసం ప్రకటించారు. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో కూడా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువే కాబట్టి, ఇథియోపియా, కెన్యా, టాంజానియా నీళ్ల మీద రాసినవాళ్లు సైతం మన జిల్లా పేరు తలుచుకోక తప్పలేదు. ఊరి బోరునీళ్ల గురించి ప్రపంచం ఇంత రాసింది. ఆ ఊళ్లోంచి డిగ్రీ కాలేజీకి వచ్చే విద్యార్థికి అందులో ఎంత చేరుతోంది? లాగిన్ ఇస్తే చేరిపోతుందన్న నమ్మకం మన విద్యావ్యవస్థలో బలంగా ఉంది. నేను దాన్ని ఒప్పుకోలేను. ఈ వెతుకులాట యంత్రం పుట్టుక నుంచీ మనుషుల తీర్పులతో కట్టినది. ఆ తీర్పులేమిటో తెలియనివాడికి అది సగమే పనిచేస్తుంది.

దాని పుట్టుక కంప్యూటర్ కన్నా చాలా ముందుది. 1879లో అమెరికా సైనిక వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ 'ఇండెక్స్ మెడికస్' మొదలుపెట్టాడు. ప్రపంచంలో వస్తున్న వైద్య వ్యాసాలను ఒక్కొక్కటిగా చూసి, ఫలానా విషయం కిందికి వస్తుందని తేల్చి, నెలనెలా అచ్చువేయడం ఆ పని. వ్యాసాలు ఏటికేడు పెరిగిపోవడంతో 1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఆ జాబితాను కంప్యూటర్‌కు ఎక్కించింది. అప్పుడు కూడా ప్రశ్న కాగితం మీద రాసి పంపితే జవాబుకు వారాలు పట్టేది. 1971లో టెలిఫోన్ తీగ మీద నేరుగా అడిగే వీలు కలిగింది. 1997లో పబ్‌మెడ్ పేరుతో అది లోకానికంతటికీ ఉచితమైంది. ఇన్ని రూపాలు మారినా బిల్లింగ్స్ నాటి ఆలోచన చెక్కుచెదరలేదు. రచయిత ఏ మాట వాడినా ఒక విషయానికి ఒకే శీర్షిక ఉండాలన్నదే ఆ ఆలోచన. ఫ్లోరైడ్ వల్ల పళ్లకు వచ్చే జబ్బును పాత వైద్యులు 'మచ్చల పళ్లు' అని రాసినదీ తరవాతివాళ్లు 'దంత ఫ్లోరోసిస్' అని రాసినదీ ఒకచోటికి చేరాలంటే అలాంటి శీర్షికే దిక్కు.

ఇక యంత్రం లోపలికి వెళదాం. మనం మాట కొట్టగానే అది లక్షల వ్యాసాలను చదవడం మొదలుపెట్టదు. ఏ మాట ఏ వ్యాసాల్లో ఉందో ముందే పట్టికలు వేసి పెట్టుకుంటుంది. మూడు మాటలు కొడితే మూడు పట్టికలను పోల్చి చూస్తుంది. అయితే దొరికిన వేల వ్యాసాల్లో పైన ఏది ఉండాలి? దీనికి 1972లో కేంబ్రిడ్జిలో కరెన్ స్పార్క్ జోన్స్ అనే పరిశోధకురాలు ఎంతో చక్కటి జవాబు చెప్పింది. ఒక మాట ఎన్ని తక్కువ వ్యాసాల్లో ఉంటే దానికి అంత ఎక్కువ విలువ ఇవ్వాలని. 'నీరు, ఫ్లోరైడ్, నల్గొండ' అని ఇంగ్లీషులో కొడితే, 'నీరు' లక్షల వ్యాసాల్లో ఉంటుంది కాబట్టి దాని బరువు దాదాపు సున్నా. 'నల్గొండ' అరుదు కాబట్టి తూకమంతా దానిదే. చిన్న ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థికి ఊరి పేరే అన్నిటికన్నా పదునైన పనిముట్టు అన్నమాట.

ఆ పనిముట్టు చేతిలోనే విరిగిపోయేది కూడా ఇక్కడే. మహబూబ్‌నగర్‌ను ఇంగ్లీషులో ఒకరు రెండు 'ఓ'లతో రాస్తారు, ఇంకొకరు 'యు'తో. 'హ' తరవాత 'ఎ' పెట్టేవాళ్లు కొందరు, మానేసేవాళ్లు కొందరు. ఆ జిల్లాకే ఉన్న పాలమూరు అనే పేరుకూ అదే గతి. కొన్ని యంత్రాలు అక్షరదోషాలను సర్దుకుంటాయి గానీ, చాలా డేటాబేస్‌లకు ఇవన్నీ వేరువేరు మాటలే. 2014 జూన్‌కు ముందు అచ్చయిన వ్యాసంలో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1956కు ముందైతే హైదరాబాద్ రాష్ట్రం. 2016లో జిల్లాలు చీలాక నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట విడి జిల్లాలయ్యాయి. అంతకు ముందు ఆ నేలల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు పాత జిల్లాల పేరు మీదే ఉంటాయి. 'తెలంగాణ, ఫ్లోరైడ్' అని మాత్రమే వెతికిన విద్యార్థికి దశాబ్దాల పని కనబడదు. కనబడలేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. పాత పేర్లు, స్పెల్లింగులు అన్నీ రాసుకుని, మధ్యలో ఇంగ్లీషు 'ఆర్' పెట్టి ఒకేసారి వెతకమని చెప్పడానికి ఒక లైబ్రేరియన్‌కు పది నిమిషాలు చాలు.

ఈ యంత్రం జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోచే మలుపు వైద్యం నుంచి రాలేదు, న్యాయస్థానం నుంచి వచ్చింది. 1873లో షికాగోలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన, ఒక తీర్పును తరవాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో జిగురు చీటీల మీద అచ్చువేసి లాయర్లకు అమ్మాడు. వాళ్లు వాటిని తమ పుస్తకాల అంచుల్లో అంటించుకునేవాళ్లు. పాత తీర్పు ఇంకా చెల్లుతుందా, కొట్టివేశారా అన్నది తెలియడానికి. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో వ్యాసం రాసి, విజ్ఞానశాస్త్రానికీ ఇది కావాలన్నాడు. 1963లో ఆరు వందలకు పైగా పత్రికలతో తన సైటేషన్ ఇండెక్స్‌ను అచ్చువేశాడు. మాటను బట్టి కాక, ఎవరు ఎవరిని ప్రస్తావించారన్న దాన్ని బట్టి వెతకడం అప్పుడు మొదలైంది.

దీని విలువ నల్గొండ టెక్నిక్ మీదే పరీక్షించవచ్చు. 1975 నాటి వ్యాసంతోనే ఆగితే, చవకైన, పల్లెలో చేసుకోగల మంచి పద్ధతి అని రాసి ముగిస్తాం. దాన్ని ప్రస్తావించిన తరవాతి వ్యాసాల వెంట ముందుకు నడిస్తే, శుద్ధిచేసిన నీటిలో పటిక నుంచి అల్యూమినియం మిగిలిపోతోందన్న అభ్యంతరం ఎదురవుతుంది. వెనక్కి నడిస్తే 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం, ఇంకా వెనక 1937లో నెల్లూరు జిల్లా మీద షార్ట్, పండిట్, రాఘవాచారి రాసినది దొరుకుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్‌లో, ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి రాసిన వ్యాసం శీర్షికలో ఏ జిల్లా పేరూ లేదు. ఊరి పేరుతో శీర్షికలు వెతికితే అది తగలదు. ప్రస్తావనల దారి పట్టుకుంటేనే చేరగలం.

మన దేశంలో ఈ దారి తెరుచుకోవడానికి సమయం పట్టింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలపడానికి యూజీసీ 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ను మొదలుపెట్టింది. 2010లో మొదలైన ఎన్-లిస్ట్ అనే ఈ-జర్నళ్ల పథకం డిగ్రీ కాలేజీల దాకా వచ్చింది. కాలేజీ చందా కట్టి పేర్లు పంపితే ఒక్కొక్కరికీ లాగిన్ వస్తుంది, ఇంట్లోంచైనా చదువుకోవచ్చు. 2025 జనవరిలో 'ఒకే దేశం, ఒకే చందా' పథకం అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు ఇదొక పెద్ద అవకాశం. తలుపు తెరవడానికి ఇంత ఖర్చుపెట్టిన దేశం, లోపల తిరగడం నేర్పడానికి టైంటేబుల్‌లో రెండు గంటలు కేటాయించలేదంటే నమ్మబుద్ధి కాదు.

గూగుల్ స్కాలర్ ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. 2004లో అనురాగ్ ఆచార్య, అలెక్స్ వెర్‌స్టాక్ కలిసి తెచ్చిన ఆ పరికరం నిజంగా గొప్పది. గార్ఫీల్డ్ ఆలోచనను ఉచితంగా అందరి చేతికీ ఇచ్చింది. మొదటి అడుగు అక్కడే వేయమని నేనూ అంటాను. అయితే తాను ఏయే పత్రికలను చూస్తోందో అది జాబితా ఇవ్వదు, విషయశీర్షికలు ఉండవు, చాలా వ్యాసాల దగ్గర తలుపు దాకా తీసుకెళ్లి డబ్బు అడిగే పేజీ ముందు వదిలేస్తుంది. ఆ తలుపు తెరిచేది కాలేజీ లాగినే.

ఇప్పుడు చాట్‌బాట్‌నే అడిగితే సరిపోతుందనేవాళ్లు ఎక్కువయ్యారు. అవి మాటల పోకడను బట్టి వాక్యం అల్లుతాయి కాబట్టి, లేని వ్యాసానికి కూడా నమ్మదగిన శీర్షిక, పత్రిక పేరు, సంవత్సరం కల్పించగలవు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమాన సంస్థ మీద వేసిన దావాలో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. అవి అసలు లేవని తేలి 5,000 డాలర్ల జరిమానా పడింది. షెపర్డ్ చీటీలు వచ్చిన నూట యాభై ఏళ్ల తరవాత, అవి ఏ వృత్తి కోసం పుట్టాయో ఆ వృత్తిలోనే ఇది జరిగింది. చాట్‌బాట్ చెప్పిన పేరును డేటాబేస్‌లో వెతికి, వ్యాసం తెరిచి చూసే అలవాటు లేకపోతే మన ప్రాజెక్టు రిపోర్టుల్లోకీ ఇవే చేరతాయి.

తెలుగు మీడియం విద్యార్థి సంగతేమిటన్న అభ్యంతరం వీటన్నిటికన్నా బరువైనది. ఈ పరికరాలు దాదాపు పూర్తిగా ఇంగ్లీషువే. విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను ఉంచే శోధ్‌గంగ సైట్‌లో తెలుగువి ఉన్నా, బొమ్మలుగా స్కాన్ చేసిన పేజీలోని తెలుగు మాట యంత్రం కంటికి ఆనదు. దానికి జవాబు వెతుకులాట మానడం కాదు, జాబితాలో లేనిదాన్ని ఎక్కించడం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు రాసినప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మంది కవులను చూపించారు. కవులు అంతకుముందూ ఉన్నారు, లేనిదల్లా సూచికే. తెలుగు థీసిస్‌లను యూనికోడ్‌లో అప్‌లోడ్ చేయడం, ఒక పేజీ సారాంశం ఇంగ్లీషులో జతచేయడం విశ్వవిద్యాలయాలు ఈ ఏడాదే మొదలుపెట్టగల పని.

'ఒకే దేశం, ఒకే చందా' పథకం ప్రస్తుతానికి ప్రభుత్వ సంస్థలకే. ఈ జిల్లాల్లో ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో చదివేవాళ్లు దాని బయటే ఉన్నారు. అది అన్యాయమే, దాని పరిధి పెంచమని అడగాలి. ఈలోగా వాళ్లకు తలుపులన్నీ మూసిలేవు. బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలు, నెల్లూరు వ్యాసం వచ్చిన ఇండియన్ మెడికల్ గెజిట్, పూర్తి వ్యాసాలను ఉంచే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా ఉన్నాయి. రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది కాబట్టి, ఆ పాత వ్యాసాల్లోని అంకెలను నేటి అంకెలుగా ఎత్తిరాయకుండా, ఏ ఏడాది, ఏ ఊరు అన్నది పక్కన రాసుకుని చదవాలి. సిద్దిఖీ వ్యాసాన్ని తెరిచి, దాన్ని ప్రస్తావించినవాళ్ల జాబితా వేసి, వాటిలో తమ ఊరి పక్కది ఏదైనా ఉందేమో చూడమంటే, రసాయనశాస్త్రం రెండో ఏడాది ప్రాక్టికల్‌కు అది సరిపోయే పని.