ఒక్క ఇఖామా నీడలో కుటుంబం

సౌదీ అరేబియాలో ఉద్యోగం చేస్తున్న భర్త వద్దకు భార్యాపిల్లలు తరలివెళ్లడం మన హైదరాబాదు, నిజామాబాదు, కరీంనగర్, కడప ప్రాంతాల కుటుంబాలకు కొత్త విషయం కాదు. అయినా దానికి సంబంధించిన చట్టపరమైన సందేహాలు మాత్రం తరం మారినా అలాగే ఉన్నాయి. ఎవరెవరిని పిలిపించుకోవచ్చు? నికాహ్‌నామా ఒక్కటే సరిపోతుందా? విజిట్ వీసాపై వెళ్లిన తల్లిదండ్రులు హజ్ చేయవచ్చా? ఉద్యోగం పోతే పిల్లల చదువు ఏమవుతుంది? వీటన్నింటికీ మూలంలో ఉన్న వాస్తవం ఒక్కటే. భర్త ఇఖామాపై అక్కడ నివసించే భార్యాపిల్లలకు స్వతంత్రమైన నివాస హక్కు లేదు. అతని ఇఖామా నిలిచినంత కాలమే వారి ఇఖామా నిలుస్తుంది. ఈ సంగతిని ప్రయాణానికి ముందే గ్రహించిన కుటుంబం తన ఏర్పాట్లు వేరే విధంగా చేసుకుంటుందని మా అభిప్రాయం.

స్థిర నివాసానికి ప్రధానంగా పిలిపించుకోగలిగేది భార్యను, పిల్లలను. అందుకు కూడా ఇఖామాలో రాసి ఉన్న వృత్తి అడ్డు రావచ్చు. చేసేది గుమాస్తా పని అయినా ఇఖామాలో ‘ఆమిల్’, అంటే కూలీ అని ఉంటే ఫ్యామిలీ వీసా దొరకడం కష్టం. కనుక మొదట చూడవలసింది జీతం చీటీని కాదు, ఇఖామాలోని ఆ ఒక్క పదాన్ని. ఆ తరువాత ఖర్చు. ఆశ్రితుల రుసుము 2017 జూలైలో మనిషికి నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏటా నూరేసి పెరుగుతూ 2020 జూలై నాటికి 400కు చేరింది. ఆ లెక్కన భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 14,400 రియాళ్లు. ఇది ఇంటి అద్దెకు, బడి ఫీజులకు అదనం. పైగా ఇఖామా నవీకరణ సమయంలో ముందుగానే చెల్లించాలి. ఈ రుసుము అమలులోకి వచ్చిన తరువాత ఎన్నో కుటుంబాలు భర్తను అక్కడే ఉంచి స్వదేశానికి తిరిగి వచ్చాయి. కూడబెట్టిన నగలు అమ్మి కుటుంబాన్ని తీసుకువెళ్లదలచినవారు ఈ గుణింతం ముందే వేసుకోవాలి.

ఇక పత్రాల విషయం. ఎక్కువ దరఖాస్తులు చిక్కుపడేది ఇక్కడే, అదీ చాలా వరకు పేర్ల వల్లనే. పాస్‌పోర్టులో ‘షేక్ మహబూబ్ బాషా’, నికాహ్‌నామాలో ‘మహబూబ్ పాషా’, పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్.కె. మహబూబ్ బాషా’. మనకు ముగ్గురూ ఒక్కరే. వీసా అధికారికి ముగ్గురు మనుషులు. స్త్రీల పేర్ల విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పుట్టింట ‘బీ’, బడిలో ‘బేగం’, నికాహ్ రోజున ‘సుల్తానా’. మహమ్మద్ అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాస్తారో లెక్కే లేదు. పెళ్లి మాటలు ఖాయమైన నాడే వధూవరుల పాస్‌పోర్టు నకళ్లను ఖాజీ గారికి అందజేసి, అందులో ఉన్నట్లే పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు రాయమని కోరడం ఉత్తమం. విందు వంటకాల జాబితాకు ఇచ్చే సమయంలో పదో వంతు దీనికి ఇస్తే చాలు.

నికాహ్‌నామా ఉర్దూలో ఉంటుంది కనుక విదేశీ అవసరాలకు ఇంగ్లీషు ధ్రువపత్రం కావాలి. తెలంగాణలో ఖాజీ రికార్డుల ఆధారంగా వక్ఫ్ బోర్డు వివాహ ధ్రువపత్రం జారీ చేస్తుంది. అదే గాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన తప్పనిసరి వివాహ నమోదు చట్టం అన్ని మతాల వివాహాలకు వర్తిస్తుంది. నికాహ్ జరిగిన వెంటనే ఆ నమోదు కూడా చేయించుకోవడం మంచిది. ధ్రువపత్రం చేతికి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపై కేంద్ర విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర అవసరం. భారతదేశంలో అపోస్టిల్ ఒప్పందం 2005 నుంచి అమలులో ఉంది. సౌదీలో అది 2022 డిసెంబరు 7న అమలులోకి వచ్చింది. పిల్లల జనన ధ్రువపత్రాలదీ ఇదే దారి. వాటిలో ‘బేబీ ఆఫ్’ అని మాత్రమే ఉండి, పేరు గడి ఖాళీగా మిగిలిపోయిన ఇళ్లు ఎన్నో. మున్సిపల్ లేదా పంచాయతీ కార్యాలయంలో ఆ పేరును చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లల పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది కనుక ఈ పనిని ఇక వాయిదా వేయడానికి వీలులేదు.

ఫ్యామిలీ వీసా అందనివారికి విజిట్ వీసా కొంత సులువైన మార్గం. తల్లిదండ్రులను, అత్తమామలను పిలిపించుకొని ఉమ్రా చేయించే భాగ్యం దానివల్ల చాలామందికి లభిస్తున్నది. అయితే అది నివాస హోదా కాదు. దానిపై పని చేయరాదు. ‘విజిట్ వీసాపై వెళ్లండి, అక్కడ ఇంటిపని ఇప్పిస్తాం’ అని పేద స్త్రీలను నమ్మించే ఏజెంటు మాట ఎంత తియ్యగా ఉన్నా వినవద్దు. అలా వెళ్లిన స్త్రీకి పని ఒప్పందం ఉండదు, ఇ-మైగ్రేట్ రికార్డూ ఉండదు. ఆపద వస్తే చూపించుకోవడానికి ఒక్క కాగితమైనా ఉండదు.

విజిట్ వీసాపై హజ్ చేయడం కుదరదు. ‘అల్లాహ్ గృహానికి ఇంత దగ్గరకు వచ్చాం కదా’ అన్న తల్లిదండ్రుల తపన మాకు అర్థమవుతుంది. కాని 2025 హజ్ సమయంలో సౌదీ ప్రభుత్వం ప్రకటించిన శిక్షలు తేలికైనవి కావు. అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నించినవారికి 20,000 రియాళ్ల వరకు, వారికోసం విజిట్ వీసా తీసుకున్నవారికి లక్ష రియాళ్ల వరకు జరిమానా. అంటే తల్లి చేసిన సాహసానికి కుమారుని ఉద్యోగమే ప్రమాదంలో పడుతుంది. తాను పిలిపించినవారు గడువు దాటి ఉండిపోతే ఆ సంగతి అధికారులకు తెలియజేయని ప్రవాసికి 50,000 రియాళ్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, దేశ బహిష్కరణ కూడా ఉన్నాయి.

ఇంటి యజమాని ఉద్యోగం పోయినప్పుడు వచ్చే ప్రశ్న అన్నింటికన్నా బాధాకరమైనది. ‘ఆయన ముందు వచ్చేస్తారు, పిల్లల వార్షిక పరీక్షలయ్యాక మేము వస్తాము’ అని తల్లులు అనుకుంటారు. అది సాధ్యం కాదు. యజమాని ఖురూజ్ నిహాయీ, అంటే తుది నిష్క్రమణ తీసుకుంటే ఆయన ఇఖామాపై ఉన్నవారందరూ దేశం విడిచి వెళ్లవలసిందే. మిగిలిన దారి ఆయన మరో సంస్థకు మారడమే. 2021 మార్చి 14 నుంచి అమలైన కార్మిక సంస్కరణల ప్రకారం ఒప్పందం ముగిసిన ఉద్యోగి పాత యజమాని అంగీకారం లేకుండానే మారవచ్చు. అయితే ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివారు, తోటమాలులు, పశువుల కాపరులు ఈ వెసులుబాటులోకి రారు. పిల్లలు పదో తరగతికి, ఇంటర్‌కు చేరుకునే ఇంట్లో ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందో తల్లికి కూడా తెలిసి ఉండాలి. ఆ కాగితం భర్త బీరువాలోనే ఉండిపోవడం మాకు ఏమాత్రం నచ్చని అలవాటు. కుమారుల విషయంలో వయసు కూడా లెక్కే. 21 దాటితే చదువుతున్నట్లు రుజువు కావాలి, 25 తరువాత తండ్రి ఇఖామాపై ఉండడం కుదరదు.

అక్కడే పుట్టిన బిడ్డ గురించి ఒక్క మాట. సౌదీ నేలపై పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. తల్లిదండ్రులు భారతీయులు కదా, బిడ్డ దానంతట అదే భారతీయుడవుతాడని అనుకోవడమూ పొరపాటే. 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన బిడ్డకు వంశక్రమంగా పౌరసత్వం రావాలంటే పుట్టిన ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో జననం నమోదు కావాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరం. ఇఖామా సక్రమంగా లేనందున పట్టుబడతామన్న భయంతో కాన్సులేట్ గడప తొక్కని తల్లిదండ్రులు కూడా ఉంటారు. అది తమ దేశపు కార్యాలయమేనన్న సంగతి వారు మరువరాదు. నమోదుకు వెళ్లేటప్పుడు సౌదీ జనన ధ్రువపత్రం, ఇద్దరి పాస్‌పోర్టులు, వివాహ ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. బిడ్డ పేరిట మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు ప్రకటన కూడా ఇవ్వవలసి ఉంటుంది.