దొంగబంగారము



సుంకము చెల్లింపక బంగారమును దొంగచాటుగా దేశములోనికి దెచ్చువాడు మన యింటి గోడకు కన్నము వేయడు గదా, వానివలన మనకేమి నష్టమని యొక పెద్ద నన్నడిగెను. ఆ ప్రశ్న తప్పు కాదు. ఒకప్పుడు నేనును అట్లే తలచితిని.

1985వ సంవత్సర ప్రాంతమున మా తమ్ముని కుమారుడు దుబాయిలో తాపీపని చేయుచుండెను. నెలకొకసారి పట్టణమునుండి యొకడు మా యింటికి వచ్చి, ముందుగా తెలిపియుంచిన నోటు సంఖ్యను సరిచూచుకొని, సొమ్ము లెక్కించి యిచ్చి పోవుచుండెను. రసీదు లేదు. బ్యాంకు లేదు. ఒక్క రూపాయి యేనాడును తగ్గలేదు. పైపెచ్చు బ్యాంకు ధరకంటె కొంత హెచ్చుగనే ముట్టెడిది. ఇంతకన్న మాట నిలుపుకొనువా రుందురా యని మేము మెచ్చుకొంటిమి.

దీనిని హవాలా యందురు. పిల్లవాడచ్చట నిచ్చిన దిర్హాములు సముద్రము దాటి రావు. అట్టి సొమ్ముతో నచ్చటనే బంగారపు బిళ్లలు కొందురు. అవి పడవలలోను, ప్రయాణికుల దుస్తుల మడతలలోను దాగి వచ్చి యిచ్చట నమ్ముడుపోవును. ఆ రూపాయలే మా వంటివారి గడపకు చేరును. కుటుంబమునకు లోటు లేదు. దేశమునకు మాత్రము సుంకము పోవును. అంతకన్న ముఖ్యముగా, కిరసనాయిలును ఎరువులను పరదేశములనుండి కొనుటకు వలయు విదేశ ద్రవ్యము రాకపోవును. 1991లో నా ద్రవ్యము కొన్ని వారముల దిగుమతులకు మాత్రమే చాలునంతగా తరిగిపోగా, రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండునకు పంపి కుదువబెట్టవలసివచ్చెను. ఆ కొరతకు చమురు ధర, అప్పులు మున్నగు పెద్ద కారణములు వేరుగ గలవు. కాని మా పిల్లవాని చెమటయు నా బొక్కసమునకు చేరియుండవలసినదే.

ఇందు శాసనముల పాలును గలదు. చైనా యుద్ధానంతరము 1963 జనవరిలో, 14 క్యారెట్లకు మించిన నగలు చేయరాదని నియమము వచ్చెను. కొన్నేండ్లకది సడలినను, 1968లో బంగారు నియంత్రణ చట్టమయ్యెను. తాళిబొట్టునకు మేలిమి కోరు దేశమున నిట్టివి నిలుచునా? కంసాలులు పని గోల్పోయిరి. దొంగసరకు వర్తకులు మేడలు గట్టిరి. 1990లో నా చట్టము రద్దయ్యెను. 2012లో 2 శాతముగా నున్న సుంకము 2013 ఆగస్టునాటికి 10 శాతము కాగా, దొంగరవాణా మరల పెరిగెను.

ధననష్టము పూడ్చుకొనవచ్చును. బొంబాయికి దక్షిణమున రాయగఢ్ తీరమున చిన్న రేవులు గలవు. దొంగసరకు దింపుట కవి వాడుకపడిన దారులు. కావలివారు లంచము గొని మోము ద్రిప్పుకొనుటకు అలవాటుపడిరి. 1993 తొలినాళ్లలో నా దారినే పేలుడుమందును తుపాకులును దిగెను. మూటలలో నేమున్నదని యెవరును విప్పి చూడలేదు. మార్చి 12న బొంబాయిలో బాంబులు ప్రేలి 257 మంది మరణించిరి. తరువాత సుంకపు శాఖ యధికారులు కొందరు న్యాయస్థానమున శిక్ష పొందిరి.

ఆ సంగతులు పత్రికలో చదివిన పిమ్మట, సొమ్ము బ్యాంకు ద్వారా పంపుమని మా పిల్లవానికి ఉత్తరము వ్రాసితిని. అది చేరుటకు పదునైదు దినములు పట్టెను. మా తమ్ముడు నాతో కొన్నాళ్లు మాటలాడలేదు.