మీకు తెలుసా? కిందపడ్డవాడు గెలిచే కుస్తీ

● కుస్తీ గోదాలో వీపు మట్టికి ఆనిందంటే ఆట అయిపోయినట్టే. బ్రెజిలియన్ జియు-జిట్సులో చాలా ఆటలు అక్కణ్నుంచే మొదలవుతాయి. వెల్లకిలా పడుకుని, మీదున్నవాడి నడుమును కాళ్లతో బంధించి, మెల్లిగా మెడకో చేతికో ఎసరు పెడతారు. దీన్ని ‘గార్డ్’ అంటారు. అన్ని రకాల పోరాట విద్యలూ కలిసే ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్)లో ఈ రెండు రకాలవాళ్లూ తలపడితే, పైనున్నవాడు గెలుస్తున్నాడో ఉచ్చులో చిక్కాడో చూసేవాళ్లకు ఓ పట్టాన తేలదు.

● 1994 డిసెంబరు, అమెరికాలోని తుల్సా. ఎంఎంఏ పోటీ యూఎఫ్‌సీ 4 ఫైనల్లో ఒకవైపు 115 కిలోల పైచిలుకు రెజ్లర్ డాన్ సెవర్న్, ఇంకోవైపు 80 కిలోల జియు-జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ. సెవర్న్ అతణ్ని కింద పడేసి, పదిహేను నిమిషాలు మీదనే ఉన్నాడు. గెలిచేది అతనే అనిపించింది. రాయిస్ మాత్రం ఓపిగ్గా కాళ్లు పైకి పాకించి, సెవర్న్ మెడనూ ఒక చేతినీ కలిపి తొడల మధ్య బిగించాడు. ట్రయాంగిల్ చోక్ అనే ఈ పట్టు కిటుకంతా ఇక్కడే ఉంది: మెడలో ఒకపక్క రక్తనాళాన్ని ప్రత్యర్థి తొడ నొక్కితే, రెండోపక్క దాన్ని మన భుజమే నొక్కుతుంది. 15 నిమిషాల 49 సెకన్లకు సెవర్న్ లొంగిపోయాడు. డబ్బు కట్టి టీవీలో చూస్తున్నవాళ్లలో చాలామందికి ఆ ముగింపు దక్కలేదు, ప్రసారానికి కేటాయించిన సమయం అంతకుముందే అయిపోయింది! తర్వాతి పోటీ నుంచి కాలపరిమితి పెట్టారు.

● చిత్తవకుండా ఉండాలంటే రెజ్లర్ బోర్లా తిరిగిపోతాడు. జూడోలోనూ అంతే, బోర్లా ముడుచుకుని కాసేపు ఓర్చుకుంటే రిఫరీ లేపి నిలబెడతాడు. ఎంఎంఏలో అంత త్వరగా ఎవరూ లేపరు. బోర్లా తిరిగినవాడి వీపెక్కి వెనకనుంచి గొంతు బిగిస్తారు. ఏళ్ల తరబడి కాపాడిన అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది.

● ‘జియు-జిట్సు ముందు ఏదీ నిలవదు’ అన్న మాట ఎక్కువ కాలం నిలవలేదు. మార్క్ కోల్‌మన్ లాంటి రెజ్లర్లు గార్డ్‌లోంచి బయటపడే ప్రయత్నమే మానేసి, అందులోనే ఉండి పిడిగుద్దులు కురిపించారు. తలతో కుమ్మడం కూడా అప్పట్లో చెల్లేది. 1997లో యూఎఫ్‌సీ తొలి హెవీవెయిట్ ఛాంపియన్ కోల్‌మనే.

● జియు-జిట్సు మేటి డెమియన్ మాయా 2017లో రెజ్లర్ టైరన్ వుడ్లీని కింద పడేయాలని ఇరవైసార్లకు పైగా ప్రయత్నించాడు. ఒక్కటీ ఫలించలేదు. పడేయలేకపోతే ఎంత విద్య ఉన్నా నిలువుగాళ్ల మీదే ఆగిపోవాలి. రెండేళ్లకు సింగపూర్‌లో ఒలింపిక్ రెజ్లర్ బెన్ ఆస్క్రెన్ ఎదురయ్యాడు. నేలమీద పోరుకు ఇతను వెనకాడే రకం కాదు. మూడో రౌండ్లో మాయా అతని గొంతు బిగించేశాడు. కాబట్టి ‘రెజ్లర్ గొప్పా, జియు-జిట్సు గొప్పా’ అని అడగడం కంటే, నేలమీదికి వెళ్లాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉందని అడగడం మేలని నా అభిప్రాయం.

● బ్రెజిలియన్ జియు-జిట్సు పుట్టిందే జూడోలోంచి. బ్రెజిల్ వెళ్లిన జపాన్ జూడో యోధుడు (జూడోకా) మిత్సుయో మాయెదా దగ్గరే కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు. 1951లో రియోలో జపాన్ జూడోకా మసాహికో కిమురా, కార్లోస్ తమ్ముడు హేలియో చేతిని వెనక్కి మెలిపెట్టి విరిచాడు. హేలియో లొంగలేదు, అతని పక్షంవాళ్లే తువ్వాలు విసిరారు. ఓడినవాళ్లే ఆ పట్టుకు ‘కిమురా’ అని పేరు పెట్టుకున్నారు.

● జూడోకా బలమంతా ఎదుటివాడి కోటు పట్టులో ఉంటుంది. ఎంఎంఏలో కోటు ఉండదు కదా! అందుకని జూడోలోంచి వచ్చిన రోండా రౌజీ తలనూ చేతినీ చుట్టి విసిరేది. అది గురి తప్పితే వీపు అప్పగించినట్టే. 2013లో లిజ్ కార్మూష్ ఆమె వీపెక్కి మెడ విరిచినంత పని చేసింది. ఎలాగో విదిలించుకున్న రౌజీ, మొదటి రౌండు మరో 11 సెకన్లలో ముగుస్తుందనగా మోచేతి పట్టుతో గెలిచింది.

● రష్యా కుస్తీ అయిన సాంబోలో వీరుడు ఫెడోర్ ఎమెలియానెంకోకు దాదాపు పదేళ్లపాటు ఓటమే లేదు. 2010లో జియు-జిట్సు మేటి ఫాబ్రిసియో వెర్దూమ్ గుద్దు తిని పడిపోగానే ఫెడోర్ మీదికి ఉరికాడు. సరిగ్గా గార్డ్‌లోకే! 69 సెకన్లలో ఫెడోర్ లొంగిపోయాడు.

● ఆ తర్వాత రష్యాలోని డాగెస్తాన్ కుర్రాళ్లు వేరే దారి పట్టారు. ప్రత్యర్థిని కేజ్ గోడకు అదిమి, అతని రెండు కాళ్లనూ తమ కాళ్లతో చుట్టేస్తే గార్డ్ కట్టడానికి కాళ్లే మిగలవు. మణికట్టును వీపు వెనక్కి లాగి పట్టుకుంటే, లేవడానికి ఆనించేందుకు చెయ్యీ ఉండదు. ఖబీబ్ నుర్మగొమెదోవ్ ఇలాగే ఆడి 29 గెలుపులతో, ఒక్క ఓటమీ లేకుండా తప్పుకున్నాడు.

● క్రీడా సాంబోలో గొంతు నొక్కడం నిషిద్ధం. కంబాట్ సాంబోలో చెల్లుతుంది. ఆ రెండోదాంట్లో ప్రపంచ ఛాంపియన్ అయిన ఇస్లామ్ మఖచెవ్ 2022లో అబుదాబిలో చార్లెస్ ఒలివెయిరాతో తలపడ్డాడు. యూఎఫ్‌సీలో అందరికంటే ఎక్కువమందిని పట్లతో లొంగదీసిన రికార్డు ఒలివెయిరాదే. రెండో రౌండ్లో ఒక గుద్దుతో పడగొట్టి, మెడా చెయ్యీ కలిపి బిగించి, మఖచెవ్ అతని చేతే నేల తట్టించాడు.