గోదావరి లంకలలో ఒడ్డు కోత: తీర వృక్షసంపద యాజమాన్యం

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఏర్పడిన లంకలు వరద తెచ్చిన ఒండ్రు మేటలే. ఆ వరదే వాటిని కోసుకొనిపోతుంది కూడా. కోతకు గురైన భూమికి బదులు మరొక ఒడ్డున మేట వేసినా, పోగొట్టుకొన్న రైతుకు అది సాధారణంగా దక్కదు.

వరద పోటు మీద ఉన్నప్పుడే ఒడ్డు విరుగుతుందనే భావన ప్రబలంగా ఉంది. వాస్తవానికి పెద్ద పెళ్లలు తరచుగా నీరు తీసే దశలో జారిపడతాయి. ఏటిమట్టం వేగంగా దిగినపుడు ఒడ్డు మట్టిలోని నీరు అంత త్వరగా బయటకు రాదు. నానిన మట్టి బరువు అలాగే ఉంటుంది; దానిని బయటి నుండి ఆనుకొని నిలిపిన నీరు మాత్రం ఉండదు. పైన ఒండ్రు, అడుగున ఇసుక పొర ఉన్న చోట ప్రవాహం ఇసుకను తొలిచివేయగా పైపొర చూరువలె వేలాడి విరుగుతుంది. ఏటిగర్భంలో ఇసుకను మితిమీరి తవ్వితే ఒడ్డు ఎత్తు పెరిగి ముప్పు తీవ్రమవుతుంది.

అరటి, కూరగాయల వేళ్లు అధికభాగం పైపొరకే పరిమితం. అంచు వరకు సాగుచేసిన చేనులో లోతు మట్టిని పట్టి ఉంచే ఆధారం లేనట్లే. వట్టివేరు అనుకూల నేలలలో 3 మీటర్ల లోతు వరకు వేళ్లను దింపగలదు. అయితే సువాసన కోసం ఆ వేళ్లనే తవ్వితే ఒడ్డు మళ్లీ గుల్లబారుతుంది. కనుక ఇక్కడ దానిని ఆదాయపు పంటగా ప్రచారం చేయరాదు. వరదలు తగ్గిన పిదప, నేల పదును ఆరకముందే పిలకలను ఒడ్డుకు సమాంతరంగా 10-15 సెం.మీ. ఎడంతో వరుసలలో నాటాలి. సహజంగా పెరిగే రెల్లును కూడా ఉంచవచ్చు. అది భూగర్భ కాండాలతో చేలోకి ప్రాకుతుంది కాబట్టి రైతు కలుపుగా చూడటంలో తప్పులేదు; పట్టీకి, పైరుకు మధ్య కొంత మేర తరచు దున్ని ఉంచితే అదుపులో ఉంటుంది. ఏరుమద్ది, కానుగ వంటి చెట్లకు స్థానం లోపలి వైపే. తొలుచుకుపోయిన నిట్టనిలువు ఒడ్డుపై పెద్ద చెట్టు బరువు, గాలికి దాని ఊపు కీడు చేస్తాయి.

ఊళ్లకు, చేలకు ముప్పు లేని చోట ఇటువంటి నిలువు ఒడ్డును కదపకపోవడమే మేలు. లకుముకి పిట్టలు, పసిరిక పిట్టలు బొరియలు తొలిచి గుడ్లు పెట్టేది అక్కడే. రాతికట్టు వేస్తే ఆ తావు పోతుంది.

అసలు చిక్కు భూమి లెక్కలో ఉంది. ఏటి వైపు 45 మీటర్ల పొడవున్న అరెకరా చేనులో 5 మీటర్ల వెడల్పు పట్టీ వదలితే సుమారు 5.5 సెంట్లు, అంటే పదో వంతుకు పైగా, సాగు నుండి తప్పుకొంటుంది. మొదళ్లు ఉంచి కోసిన గడ్డి పశుగ్రాసానికి, కప్పుకు పనికివచ్చినా ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చదు. కౌలుదారు ఆ 5.5 సెంట్లకు కూడా కౌలు చెల్లించవలసి వస్తే పట్టీని మొదటి ఏడాదే దున్నివేస్తాడు. పట్టీ విస్తీర్ణాన్ని కౌలు నుండి మినహాయించేందుకు నాటడానికి ముందే భూయజమానిని ఒప్పించడం విస్తరణ సిబ్బంది పనిలో భాగం కావలసి ఉంది.