వెబ్‌సైటు వేగాన్ని ఎక్కడినుంచి కొలవాలి?

ఆదోనిలో వాన కురిసిన రోజున కోసిగి చేలు ఎండుతూ ఉండడం మనం ఎరిగినదే. ఆదోనిలోని వర్షమాపకం ఎంత సరిగ్గా పనిచేసినా కోసిగి వానను చెప్పలేదు. అందుకే పలుచోట్ల వర్షమాపకాలు ఉండాలి. వెబ్‌సైట్ల వేగానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది.

పదవ తరగతి ఫలితాలు వెలువడే రోజును తీసుకొందాం. సర్వరుకు దగ్గరగా ఉన్నవారికి పేజీ క్షణంలో తెరుచుకొంటుంది. "అంతా సవ్యంగానే ఉన్నది" అని వారంటారు. అదే నిమిషంలో కోసిగి విద్యార్థి ఫోనులో పేజీ రాకపోవచ్చు. ఇద్దరి మాటా నిజమే; చూచిన చోటు వేరు.

దీనికి కారణమేమిటి? పేజీ రావాలంటే ముందు సర్వరుతో సంబంధం ఏర్పడాలి. పిమ్మట, ఇతరులు చదవకుండా రహస్యలిపి కుదరాలి. ఆ తరువాతనే పేజీని కోరడం, పొందడం జరుగుతాయి. ఈ మూడింటికీ సందేశం వెళ్లి రావాలి. గాజుతీగలో కాంతి వేగం సెకండుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు. సర్వరు 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక్క రాకపోకకు 100 మిల్లీసెకండ్లు, మూడింటికి 300 పడుతుంది. టవరు వద్ద రద్దీ, మార్గమధ్యంలోని ఆటంకాలు దీనికి తోడవుతాయి. ఇవి ఊరికొక తీరుగా ఉంటాయి.

కనుక కొలిచే యంత్రాలు అనేక చోట్ల ఉండాలి. ఇందుకు ప్రజల సహకారం అవసరం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ ఎన్.సి.సి. సంస్థ 2010లో ప్రారంభించిన 'అట్లాస్' ఇట్టిదే. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు ఒక చిన్న యంత్రాన్ని తమ ఇంటర్నెట్‌కు తగిలిస్తారు. అది సందేశాలు పంపి, బదులు రావడానికి పట్టిన కాలాన్ని నమోదు చేస్తుంది. ఇంటివారు ఏమి చూస్తున్నారో అది గమనించదు. యంత్రాన్ని నడిపినందుకు వారి ఖాతాలో పాయింట్లు జమ అవుతాయి. వాటిని వెచ్చించి ఇతరుల యంత్రాలచేత తమకు కావలసిన కొలతలు తీయించుకోవచ్చు. రైతులు ఒకరి చేలో ఒకరు బదులు పని చేసుకోవడం వంటిదే ఇది.

కొలతలను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. పదిచోట్ల కొలవగా తొమ్మిదింట 1 సెకండు, ఒకచోట 31 సెకండ్లు పట్టినదనుకొందాం. సగటు 4 సెకండ్లు. కాని ఆ 4 సెకండ్లు ఎవరి అనుభవమూ కాదు! ఇబ్బంది పడిన ఊరు సగటులో మరుగున పడిపోయినది.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని చేయించవచ్చు. విద్యార్థులు తమ తమ ఇండ్లలో ఒకే సమయానికి, ఇదివరకు తెరవని ఒకే పేజీని తెరచి, పట్టిన సెకండ్లను ఊరి పటంపై గుర్తించాలి. "సైటు బాగానే ఉన్నది" అని ఎవరైనా అన్నప్పుడు, "ఎక్కడినుంచి చూచి?" అని అడగడం వారికి అలవడుతుంది.